ఒక్క అడవి ఆవ మొక్క

“దొరికింది బాబాయ్,” అంటూ తనిఖీ మేడమ్ చేలోంచి అరుగు దగ్గరికి వచ్చింది. చేతిలో వేళ్ళతో సహా ఉన్న అడవి ఆవ మొక్క.

ముసలి రైతు నీరుగారిపోయాడు. విత్తనానికి పెంచే ఆవచేలో ఈ కలుపు ఒక్కటున్నా మేలైన విత్తనమని ముద్ర వెయ్యరు. ముద్ర పడకపోతే పంట విత్తనంగా పనికిరాదు. చూస్తే రెండు మొక్కలూ కవలల్లా ఉంటాయి, కాడ మీది నూగు చూసి పట్టాలి. ఎనిమిది రోజులు నడుం విరిగేలా సాలు సాలూ వెతికి పీకాడు. అయినా మూడేళ్ళుగా ఇదే తంతు. మేడమ్ సంచీ భుజాన వేసుకుని ఒక్కతే చేలోకి వెళ్తుంది, ఒకే ఒక్క మొక్కతో తిరిగొస్తుంది. పది రోజులకి మళ్ళీ తనిఖీకి వచ్చి ముద్ర వేసి పోతుంది.

ఆవిడ మొక్కని అరుగు మీద పెట్టి టిఫిన్ డబ్బా తెరిచింది. గదిలో ఒక్కదానికి ముద్ద దిగదని, పలకరిద్దామంటే బాల్కనీలో నాలుగు పూలకుండీలే దిక్కని నవ్వుతూ చెప్పింది. రైతు కూడా నవ్వాడు. భార్య పోయాక ఆ అరుగు మీద అతనితో కలిసి అన్నం తిన్న మనిషి ఈవిడొక్కతే.

నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పాడు.

“ఇక విత్తనం పంట మానేస్తానమ్మా. చేను కౌలుకిచ్చేస్తా. ఎంత వెతికినా ఏటా ఒకటి వదిలేస్తున్నాను. నా కళ్ళు పోయాయి.”

ఆవిడ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “మీ కళ్ళకేం కాలేదు బాబాయ్.”

“మరి ఇదేంటి?”

ఆవిడ తల వంచుకుని డబ్బాకి మూత పెట్టేసింది.

చేను కౌలుకిస్తే ఈవిడ రాక కూడా ఉండదు. రైతు ఆవిడ ముఖం చూడలేక మొక్కని చేతిలోకి తీసుకున్నాడు. నూగు తడిమాడు. మొక్క వేళ్ళకున్న మట్టిని చాలాసేపు నలుపుతూ కూర్చున్నాడు.

“మూత తియ్యమ్మా, అన్నం ముగించు,” అన్నాడు చివరికి. “కౌలూ లేదు, ఏమీ లేదు. పది రోజులకి తప్పకుండా రా.”

“వచ్చే ఏడు?” ఆవిడ గొంతు పీలగా వచ్చింది.

“వచ్చే ఏడూ వెతుకుదువుగాని.”

ఆవిడ బండి మలుపు తిరిగేదాకా చూసి, రైతు తొట్టి దగ్గర చేతివేళ్ళకంటిన ఎర్రమట్టి కడుక్కున్నాడు.

అతని చేనంతా నల్లమట్టి.