ముట్టనివ్వని బొంత

"దాని మీద చెయ్యి వెయ్యకు," అంది సుశీలాబాయి.

కోడలు దీపాలి చెయ్యి వెనక్కి తీసుకుంది. నేలమీద సగంలో ఆగిపోయిన బొంత పరిచి ఉంది. నడుమ ఎర్రటి గుడ్డముక్క. దాని చుట్టూ ఇంటికి గోడలు లేపినట్టు ఒక్కో పట్టీ, ఒక పక్క లేత రంగులు, ఇంకో పక్క ముదురువి. దాదాపు అన్నీ శాంతి నగర్‌లో సాంచెల కింద, మరమగ్గాల కింద, ఏరుకున్న చిందీ ముక్కలే. కొడుకు నిలేష్, దీపాలి మొగుడు, సాంచె మీద కరెంటు కొట్టి చనిపోయిన నాడు ఆ సూది ఆగింది. రెండేళ్లకు మళ్లీ ట్రంకుపెట్టెలోని సగం కుట్టిన బొంతలన్నీ బయటికొచ్చాయి. మిగతావి పూర్తయ్యాయి. ఇదే ఆఖరిది.

"ఎవరికి అత్తమ్మా?"

"పెండ్లికి."

ఆ ఇంట్లో పెళ్లి కావాల్సినవాడు మరిది పంకజ్. మాన్కోలి గోదాముల్లో మూటలు మోస్తాడు. దీపాలికి సంతోషం కలగాలి. భయం కలిగింది. ఉన్నది ఒక్క ఖోలీ, ఒకే గది. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. మొగుడు పోయిన ఆడది ఇంట్లో అదనపు సామాను. ఎవరూ పైకి అనరు. జాగా చాలనప్పుడు మాత్రం ముందు ఆమెనే బయటపెడతారు.

సుశీలాబాయి బ్లేడుతో కుట్లు విప్పి ఒక నీలం పట్టీని తీసేసింది. అది నిలేష్ అంగీది.

"అదెందుకు తీస్తున్నవు?"

"పోయినోని గుడ్డ పెండ్లి బొంతల ఉండొద్దు."

"నీ కొడుకు గదా."

"నాకు తెల్వదా?" ఆ పట్టీని మడిచి రొంటిన దోపుకుంది.

సాయంత్రం సంబంధాలు కుదిర్చే కనుకయ్య వచ్చాడు. దీపాలి బయట నల్లా కింద బిందె పెట్టి వింటోంది.

"ఆళ్లకు ఇష్టమే వదినె. గని ఉండేది ఒక్క ఖోలీ."

"ఇద్దరికి సాలదా?"

"దీపాలికి చెప్పినవా?"

"బొంత కానియ్యి. అయినంక అడుగుత."

"కాదంటే?"

"కాదంటే కాదు. మెడలు వంచి పంపుతనా?"

బిందె నిండి పొర్లిపోతోంది. దీపాలి చెవిలో ఒక్క మాటే మిగిలింది, పంపడం.

పంకజ్ రాగానే నిలదీసింది. "పెండ్లి ముచ్చట నువ్వన్న చెప్పొద్దా?"

"అమ్మనే చెప్తనన్నది వదినా." తల వంచుకుని లోపలికి పోయాడు.

తెల్లారి దీపాలి చీరలు సంచిలో కుక్కింది. కాశేలిలో గోదాము ఊడ్చే పని ఉందని విన్నది.

సుశీలాబాయి బొంత అంచు మడుస్తోంది. "ఏడికి?"

"నువ్వు పొమ్మనకముందే పోతున్న. పంకజ్ బాగుండాలె. మొగడు లేనిదాన్నని ముట్టనియ్యలే, సరే. ఒక్క కుట్టు ఏసి పోత అత్తమ్మా. ఈ ఇంట్ల నాదొక్క కుట్టు ఉండనియ్యి."

దీపాలి సూది అందుకుంది. సుశీలాబాయి దాన్ని ఆమె వేళ్లలోంచి లాక్కుంది. సంచిని కాలితో మూలకు తోసింది.

"పెండ్లిపిల్ల తన బొంత తనే కుట్టుకోవద్దు బిడ్డా."