లానీ టీగ్ నిష్ఠ

“తుపాకిమందు పోశావుగా? ఇప్పుడు గుండు పెట్టి మీట కిందికి నొక్కు. నెమ్మదిగా. ఇక్కడ నిన్ను తరుముతున్నవాళ్లెవరూ లేరు,” అన్నాడు లానీ టీగ్.

డ్వైట్ హోల్షర్ నొక్కాడు. సీసపు గుండు రివాల్వర్ అరలోకి దిగుతూ అంచున సన్నటి సీసపు ఉంగరాన్ని వదిలింది. ఐదు అరలు నింపి, గుండ్ల మీద కొవ్వు పూసి, వెనక నిప్పు రేపే చిన్న రాగి టోపీలు తొడిగేసరికి పక్క బల్లవాళ్లు కాఫీలు కూడా తాగేశారు. అప్పుడు పేల్చాడు, ఐదుసార్లు. గుప్పున తెల్లటి పొగ, కుళ్లిన గుడ్ల కంపు. పొగ విడిపోయాక చూస్తే కాగితం మీద రెండే చిల్లులు.

“మిగతా మూడూ ఏవయ్యాయంటావు?”

“నది దాటి ఇల్లినాయిస్ చేరుంటాయి,” అన్నాడు డ్వైట్. ఇద్దరూ నవ్వుకున్నారు. లానీకో మాట చెప్పాలని పొద్దుట్నుంచీ అతని నోరు దురద పెడుతోంది. ముందు తుపాకులు కడిగే పని కానిద్దామని ఊరుకున్నాడు.

మిస్సోరిలో ఆ పాత రాతిక్వారీ వెనక, నెలకో శనివారం, నల్లటి తుపాకిమందు కూరి పేల్చే పాతరకం తుపాకులవాళ్లు కూడతారు. ఇళ్లకు గ్యాసు బండి తోలే డ్వైట్ రెండేళ్ల క్రితం సరదాగా చూడ్డానికి వచ్చాడు. అప్పటికే అతనింట్లో ఏడు తుపాకులు, తాతది తప్ప అన్నీ ఈ కాలంవే. నడుముకున్న కొత్త పిస్తోలు ఖాళీ చేసి, “పట్టుకు చూడండి పెద్దాయనా, పువ్వంత తేలిక,” అని లానీ ముందుకు చాపాడు.

లానీ రెండడుగులు వెనక్కి వేశాడు. “వద్దు నాయనా. నాకిదొక్కటే.”

ఆయన దగ్గరున్నది నూటయాభై ఏళ్ల నాటి అమెరికా అంతర్యుద్ధం రివాల్వర్‌కు నకలు. ఇటలీలో తయారైంది. డెబ్బై ఏళ్ల మనిషికి ఆ ఒక్కటి తప్ప ఇంకో ఆయుధం లేదు. ఎందుకని అడిగితే, “మీవి కొళాయిలు. తిప్పితే కారతాయి. ఇది బావి. తోడుకోవాలి,” అనేవాడు. నవంబరులో ఊరు ఊరంతా జింకల వేటకు పోతే, ఆయన ఇంట్లో కూర్చుని సీసం కరిగించి గుండ్లు పోసుకునేవాడు.

డ్వైట్ ఆ మాటలకు పడిపోయాడు. ఎన్ని ఉన్నా ఇంకోటి కావాలనుకునే తనెక్కడ, ఒక్కదానితో తృప్తిపడే ఈయనెక్కడ! మర్నెలకే అలాంటి రివాల్వరే కొనుక్కుని శిష్యుడైపోయాడు.

“గురువుగారి పురాణం మొదలెట్టావా?” అనేది భార్య మార్లీన్ రోజూ రాత్రి భోజనాల దగ్గర. “రేపాయన పళ్లు తోముకోనంటే నువ్వూ మానేస్తావు.”

“నీకర్థం కాదే. అది నిష్ఠ.”

“నిష్ఠో ఏమో, ఆ చేతులు కడుక్కుని రా. కంపు.”

కిందటి నెల పోటీలో లానీ గెలిచాడు. ఎవరో దాత ఇచ్చిన బహుమతి సరికొత్త వేట రైఫిల్. మెరిసిపోతోంది. క్లబ్బు అధ్యక్షుడు కర్ట్ బోయర్ దాన్ని రెండు చేతులా పట్టుకుని అందించబోయాడు. లానీ చేతులు జేబుల్లోంచి బయటికి రాలేదు.

“రెండోవాడికిచ్చెయ్ కర్ట్.”

“ఏం పెద్దాయనా, కరుస్తుందా?”

“నాకు దాంతో పని లేదు. నాకిదొక్కటే.”

చప్పట్లు మోగిపోయాయి. టోపీలు తీసినవాళ్లు కూడా ఉన్నారు. డ్వైట్ కళ్లు తుడుచుకున్నాడు. పక్కవాడు చూస్తే, పొగ అన్నాడు.

ఇప్పుడిద్దరూ షెడ్డు వెనక బకెట్లో సబ్బు కలిపిన వేణ్నీళ్లలో రివాల్వర్ల భాగాలు కడుగుతున్నారు. ఆ రోజుకారోజు కడగకపోతే తుప్పు పట్టేస్తాయి. నీళ్లు సిరాలా నల్లబడ్డాయి. డ్వైట్ ఇక ఆపుకోలేకపోయాడు.

“గురువుగారూ, నేనూ మీ దారికొచ్చేశాను.”

“ఏ దారి?”

“ఇంట్లో ఉన్న ఏడూ మా బావమరిది రస్‌కి ఇచ్చేశాను. మా తాత తుపాకీతో సహా. రాసి మరీ ఇచ్చాను. కిందటి నెల మీరా రైఫిల్ వద్దన్న రోజు సాయంత్రమే.”

లానీ చేతిలోని బ్రష్షు ఆగిపోయింది. “ఏడూనా?”

“ఏడూ. రస్ మళ్లీ ఇచ్చే రకం కాదులెండి. ఈ ఏడాది జింక మాంసం కూడా లేదని మార్లీన్ నాతో మాటలు మానేసింది. అయినా నా మనసు దూదిపింజలా ఉంది.”

“వెళ్లి తెచ్చుకో. బతిమాలో, పోట్లాడో తెచ్చుకో.”

“అదేమిటి, మీరే అలాగంటారు?”

లానీ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. షెడ్డు అవతల నవ్వుకుంటున్నవాళ్లను ఓసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“నీకేం అడ్డొచ్చిందని ఇచ్చేశావు డ్వైట్?”

“మీకు మాత్రం ఏం అడ్డొచ్చింది?” అన్నాడు డ్వైట్ గర్వంగా. “కావాలంటే వంద కొనుక్కోగలరు. వద్దనుకున్నారు. అంతేగా?”

ముసలాయన బకెట్లోంచి తన రివాల్వర్ గొట్టం తీసి చూపించాడు.

“పదకొండేళ్లు జైల్లో ఉండొచ్చినవాణ్ని చట్టం ముట్టుకోనిచ్చేది ఈ పాతరకం తుపాకీ, ఇదొక్కటే.”