అడిగినంత వరకే

ఉత్తరం చివర సంతకం లేదు.

"పారెయ్యమంటారా మేడమ్? ఇలాంటివి రోజుకి పది వస్తాయి," అన్నాడు కార్యదర్శి.

శాసనసభ పర్యావరణ సంఘానికి ఆమె అధ్యక్షురాలై రెండు నెలలే అయింది. చెయ్యి చాచి ఉత్తరం అందుకుంది.

'రంగుల ఫ్యాక్టరీ దిగువన వాగులో చేపలు చచ్చి తేలుతున్నాయి. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని మూడేళ్ళుగా సంతకాలు పెడుతున్నది కాలుష్య మండలి పరీక్షశాల అధికారి. ముందు అతన్ని పిలవండి. తేలిగ్గా వదలకండి.'

"పిలిపించండి," అంది.

వచ్చాడు. యాభై దాటిన మనిషి. నలగని చొక్కా, ఒళ్ళో తోలు సంచి. సాక్షి కుర్చీలో బిగుసుకుపోయి కూర్చున్నాడు.

వెనక వరసలో మండలి పెద్ద ఇంజనీరు కాలు మీద కాలేసుకుని ఇతన్నే చూస్తున్నాడు.

"ఈ ముప్పై ఆరు రిపోర్టుల మీద సంతకం మీదేనా?"

"నాదేనండి."

"నీళ్ళు శుభ్రంగా ఉన్నాయా?"

"నాకిచ్చిన సీసాలో నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయండి."

"వాగులోవి?"

"వాగు దగ్గరికి నన్ను పంపరండి."

ఒక సభ్యుడు పెద్దగా నవ్వాడు. "ఈయన నోట్లోంచి మాట రావాలంటే గునపం పెట్టి తవ్వాలి మేడమ్!"

లేచి వెళ్ళబోతూ ఆ మనిషి ఆగాడు. "ఇంకేమైనా అడుగుతారా మేడమ్?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఎంత పొగరు!

"అవసరమైతే మళ్ళీ పిలుస్తాం. వెళ్ళండి."

ఆ వారంలోనే రెండో ఉత్తరం వచ్చింది.

'సీసా గురించి అడిగారు కాని, అది ఎవరు తెచ్చారో అడగలేదు. వచ్చిన ప్రతి సీసా వివరం రాసే రిజిస్టరు ఒకటి అతని దగ్గరుంది. బయట పెట్టించండి.'

ఆమె కార్యదర్శి వైపు అనుమానంగా చూసింది. "తలుపులు వేసుకుని మాట్లాడుకున్న మాట బయటికెలా పోయింది?"

"మండలిలోనే ఎవరో ఉన్నారు మేడమ్. ఆ అధికారి అంటే పడనివాళ్ళు."

"ఎవరైనా సరే, మనకి మేలు చేస్తున్నారు. మళ్ళీ పిలవండి అతన్ని."

రిజిస్టరు మాట ఎత్తీ ఎత్తగానే అతను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

సభ్యులు ముఖముఖాలు చూసుకున్నారు.

"మేం అడుగుతామని మీకు ముందే తెలుసా?"

అతను సంచి మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చెప్పండి! మా సంఘంలో మీ మనిషెవరు?"

"ఎవరూ లేరండి. అడుగుతారేమోనని తెచ్చాను."

నమ్మదగ్గ మాట కాదు. ఆమె పేజీలు తిప్పింది.

'సీలు లేదు.' 'రెండు రోజులు ఆలస్యం.' 'తెచ్చినది ఫ్యాక్టరీ జీపు.' పేజీ తర్వాత పేజీ అదే మాట. ప్రతి పేజీ అడుగునా 'చూశాను' అంటూ పెద్ద ఇంజనీరు పొట్టి సంతకం.

వెనక వరసలో పెద్ద ఇంజనీరు కాలు కిందికి దించాడు.

"ఫ్యాక్టరీవాళ్ళు తెచ్చిచ్చిన నీళ్ళనా మీరు పరీక్ష చేసింది?"

"అవునండి."

"తెలిసే?"

"తెలిసేనండి."

"తెలిసీ మూడేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నారు!"

"తప్పేనండి," అన్నాడతను. ఆ మాటకి మాత్రం అతని గొంతు వణికింది.

దొరికిపోయిన భయం అనుకుందామె.

సంఘం నివేదిక సభ ముందుకొచ్చింది. ఫ్యాక్టరీకి తాళం పడింది. పెద్ద ఇంజనీరు మీద కేసు పెట్టారు. పరీక్షశాల అధికారిని ఉద్యోగంలోంచి తీసెయ్యమని సిఫార్సు రాస్తుంటే, ఒక సభ్యుడు గొణిగాడు.

"రిజిస్టరు ఇచ్చింది అతనే కదా మేడమ్. కాస్త చూద్దామా?"

"అడిగితే ఇచ్చాడు. అడక్కపోతే ఇచ్చేవాడా?" అని ఆమె సంతకం పెట్టింది.

వాగు తేటపడడానికి ఏడాది పట్టింది. దిగువ ఊళ్ళవాళ్ళు మళ్ళీ వలలు వేస్తున్నారని తెలిసిన రోజు ఆమె సభలో లేచి నిలబడింది. ఈ పేరంతా ఆ ఉత్తరాలు రాసినవారిదేనని, వాళ్ళెవరో ముందుకొస్తే సభ తరఫున సన్మానం చేస్తామని చెప్పింది. పేపర్లన్నీ వేశాయి.

ముగ్గురొచ్చారు. ముగ్గురూ కోతలరాయుళ్ళే.

నాలుగో మనిషి ఒక పెద్దావిడ. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆ ఉత్తరాలు రాసింది నేనేనండి."

అధ్యక్షురాలు కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీకన్నా ముందు ముగ్గురు ఇదే చెప్పారమ్మా. రెండో ఉత్తరం ఎలా మొదలవుతుంది?"

"సీసా గురించి అడిగారు కాని, అది ఎవరు తెచ్చారో అడగలేదని."

ఆ వాక్యం ఏ పేపర్లోనూ రాలేదు.

అధ్యక్షురాలు గబగబా లేచి తనే కుర్చీ జరిపింది. "కూర్చోండమ్మా! ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు? ఇవన్నీ మీకెలా తెలిశాయి?"

"మావారు చెప్పారండి."

"ఆయన్నీ తీసుకురావలసింది!"

"చలికాలంలో పోయారండి."

అధ్యక్షురాలు మెల్లగా అడిగింది. "మండలిలో పనిచేసేవారా?"

"ఇరవై ఎనిమిదేళ్ళు చేశారు. పైవాళ్ళ అనుమతి లేకుండా ఉద్యోగి మీ దగ్గరికొచ్చి నోరు విప్పకూడదట కదండీ. మీరే పిలిచి అడిగితే చెప్పొచ్చట. ఫిర్యాదు ఉంటేనే గాని మీరు పిలవరట."

"అందుకని?"

"ఆయన చేతిరాత ఆఫీసులో అందరికీ తెలుసు," అంది పెద్దావిడ, "అందుకని ఆయన మీద ఫిర్యాదు ఆయనే చెప్తుంటే, నేను కూర్చుని రాశానండి."