గోల్ఫ్ మైదానంలో మనల్నెవరు చూస్తారు

ఊటీ గోల్ఫ్ మైదానం సంగతి విన్నప్పటి నుంచి సుందరరాజన్ కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మిల్లులో తెగిన దారం అతకడం మరిచిపోయి గోడకేసి చూసి నవ్వుకుంటున్నాడు.

ఈ మంట పెట్టింది పక్క మిషను ఆరోగ్యసామి. అతని బామ్మర్ది ఆ మైదానంలో ఆటగాళ్ళ గోల్ఫ్ కర్రల సంచి మోస్తాడు.

"ఎంత దూరం చూసినా పచ్చగడ్డే మచ్చా! ఎవురైనా పోయి నిలబడొచ్చు. ఆడేవాళ్ళు బంతిని తప్ప దేన్నీ చూడరు. మన జనం ఆ దిక్కుకే రారు."

మన జనం రారు! సుందరరాజన్‌కు కావలసింది ఆ ఒక్క మాటే.

జోతిమణిని వాళ్ళ నాన్న రంగసామి నాయుడు కోయంబత్తూరు నుంచి వాళ్ళ ఊరు కినత్తుకడవుకు తీసుకుపోయాక అతనికి అన్నం సయించడం లేదు. ఇద్దరూ ఒకరి కంట ఒకరు పడ్డారో ఊరుకునేది లేదని పెద్దాయన తేల్చి చెప్పాడు. సుందరరాజన్ తల్లి కూడా ఆయన పక్షమే.

"ఆ పిల్ల గాలి గూడా నీకు తగలకూడదు రా," అంది కాఫీ అందిస్తూ. కన్నతల్లికి ఇంత రాతిగుండె ఎక్కడిదో!

కరిగింది ఒక్క తిరుమలమ్మాళే. ఆమె జోతిమణికి మేనత్త. ఊటీలో ఉన్న కూతురి పురిటి బిడ్డను చూసి వస్తానని, తోడుకు జోతిమణిని పంపమని అన్నను అడిగింది. పెద్దాయన సరేనన్నాడు. బుధవారం మైదానానికి వస్తున్నారని కబురందగానే సుందరరాజన్ ఆరోగ్యసామిని వాటేసుకున్నాడు.

ఇక ఏర్పాట్లే ఏర్పాట్లు. మఫ్లరు అరువు తెచ్చాడు. పెద్ద గొడుగు కొన్నాడు. ఎవరైనా అడిగితే ఆట చూడ్డానికొచ్చామని చెప్పాలి కదా, అందుకని ఆట గురించీ అడిగి తెలుసుకున్నాడు.

"బంతిని గుంతలో ఎయ్యాల, అంతే," అన్నాడు ఆరోగ్యసామి.

"అంతేనా? దానికి అంత భూమా! మా అప్ప చూస్తే చోళం జొన్నలు విత్తేస్తాడు."

అయినా పెరట్లో కొబ్బరిమట్టతో నిమ్మకాయను కొట్టి చూశాడు. అది పోయి పక్కింటి సాంబారులో పడింది. తిట్లు కూడా తియ్యగానే వినిపించాయి.

కడుపునొప్పని మిల్లులో లీవు చెప్పి, బుధవారం కొండరైలు ఎక్కాడు.

ఊటీలో సన్నటి తుంపర. మంచులోంచి జోతిమణి నడిచి వస్తుంటే గొడుగు పట్టుకుని ఎదురెళ్ళాడు. తిరుమలమ్మాళ్ దూరంగా చెట్టు కింద అటు తిరిగి కూర్చుంది. మంచి మనిషి.

"చిక్కిపోతివే మామా," అంది జోతిమణి.

"నువ్వు లేక ఉండలేక పోతా ఉండాను."

"అప్పకు తెలిస్తే ఊరుకుంటాడా?"

"ఈడ మనల్నెవురు చూస్తారు?"

ఇద్దరూ ఒకే గొడుగులోకి చేరారు. నవ్వు ఆగడం లేదు. ఎందుకు నవ్వుతున్నారో వాళ్ళకే తెలియదు.

టప్పున ఒక తెల్లబంతి వచ్చి కాళ్ళ దగ్గర పడింది. దాని వెనకే గోల్ఫ్ కర్ర పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. సుందరరాజన్ చేతిలోంచి గొడుగు జారిపోయింది. ఆయన మిల్లు యజమాని రాజగోపాలన్.

"ఏమిరా, నీ కడుపునొప్పి ఊటీ దాకా ఎక్కిందా?"

జోతిమణి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆయన వంగి చూశాడు.

"రంగసామి బిడ్డవు గదమ్మా?"

ఉద్యోగం పోయింది, పరువూ పోయింది అనుకున్నాడు సుందరరాజన్. చేతులు జోడించాడు. "ఆయనకు మాత్రం చెప్పొద్దు సామీ!"

రాజగోపాలన్ కర్ర నేలకు ఆనించి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీ పెండ్లిలో నా చేత్తో తాళి అందించి నెల గాలేదు, ఈ ఒక్క ఆడి ఆషాఢమాసం కొత్తపెండ్లాన్ని పుట్టింట్లో వదిలి ఊరకుండలేవా రా!"