ఈలరాజు కోరిన పాట

"ఆపరేషను సంగతి ఆదివారం పాటలయ్యాక చెబుతాను" అంది తల్లి, దిండు మీద నుంచి తల తిప్పకుండానే.

కూతురు కుట్టుమిషను ఆపింది. "అదేంటమ్మా! సోమవారం పొద్దున్నే రమ్మన్నాడు డాక్టరు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ ఉన్న కాస్త చూపూ పోతుందన్నాడు. దానికీ పాటలకీ ఏంటి సంబంధం?"

"వాడి పేరు వినిపిస్తే వస్తాను. లేకపోతే ఈ కళ్ళు నాకెందుకు? ఎవర్ని చూడాలి?"

"మేం కనబడమా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు, కండక్టరు సంచీ మేకుకి తగిలిస్తూ.

"నిన్ను చూడ్డానికి ఆపరేషనెందుకు బాబూ? గురక వినబడుతూనే ఉందిగా."

అల్లుడు పెద్దగా నవ్వాడు. కూతురు నవ్వలేదు.

తల్లి చెప్పేది పెద్దకొడుకు గురించి. మీసాలు రాకముందే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. అవి డెబ్బైల మొదటి రోజులు. ఏ వీధిలోకి వెళ్ళినా రేడియోలో సినిమా పాటలే. వాడు పాట పాడేవాడు కాదు. ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య వాయిస్తారే, ఆ ముక్క ఈల వేసేవాడు. ఇంట్లో ఎవరు పాడుతున్నా గుమ్మంలో నిలబడి ఆ ఖాళీలు నింపేవాడు.

పాటలు కోరుతూ రేడియోకి కార్డులు కూడా రాసేవాడు. సొంత పేరు వినిపిస్తే తండ్రి వీపు చీరేస్తాడని "ఈలరాజు" అని రాసేవాడు. ఒకరోజు తండ్రికి తెలిసిపోయింది. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి చెంప మీద కొట్టాడు. వాడు చెయ్యి కడుక్కుని, సినిమాకి వెళ్ళొస్తానమ్మా అని బయటికి వెళ్ళాడు. అంతే.

తండ్రి పోయాడు. తల్లి కళ్ళు మసకబారాయి. కొడుకు గురించి మాట్లాడటం మానేసింది. తర్వాత్తర్వాత సరిగ్గా తినడం కూడా మానేసింది.

అలాంటప్పుడు రేడియోలో ఒక కొత్త కార్యక్రమం మొదలైంది. ఆదివారం మధ్యాహ్నం, డెబ్బైల్లో అందరి నోళ్ళలో నానిన పాటలన్నీ మళ్ళీ వేస్తారు. కార్డు రాస్తేనే పాట. వెనకటిలాగే పాటకి ముందు కోరినవాళ్ళ పేర్లు చదువుతారు.

ఒక ఆదివారం ఆ పేర్లలో ఈలరాజు అని వినిపించింది.

తల్లి చేతిలో గ్లాసు జారిపోయింది. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

తర్వాత ఆ పేరు ఏ వారమూ తప్పలేదు. ఆదివారం వస్తే తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని రేడియో ముందు కూర్చునేది.

"మరి ఏ ఊరో చెప్పరేంటి?" అనేవాడు అల్లుడు.

"వాడు రాయడు బాబూ. రాస్తే నాన్న వచ్చి పట్టుకుంటాడని భయం. ఆయన పోయిన సంగతి వాడికి తెలీదుగా."

శనివారం కూతురు మళ్ళీ మొదలుపెట్టింది. "ఈ ఒక్క వారం పేరు రాకపోతే ఏమవుతుందమ్మా? ఒంట్లో బాగోలేదేమో. రాయడానికి కుదరలేదేమో. దానికే మనిషి లేడనుకుంటావా?"

"రాస్తాడు."

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. పేరు వచ్చినా రాకపోయినా ఆసుపత్రికి వస్తానని ఒక్క మాట అను."

"నువ్వు ముందు పడుకో. వారమంతా జ్వరంతో మూలిగి, లేవగానే మిషనెక్కావు. నీ ఒళ్ళు నువ్వు చూసుకో, నా సంగతి వాడు చూసుకుంటాడు."

ఆదివారం వచ్చింది. రేడియో గరగరలాడి సర్దుకుంది. మొదట పడవ మీద పాడుకునే పాట. తర్వాత, ఆ రోజుల్లో వినబడగానే తండ్రి కట్టేయించిన హుషారు పాట. ఆ తర్వాత వేణువు మీద మొదలయ్యే ఏడుపు పాట. పాట మధ్యలో వాద్యాలు అందుకున్నప్పుడల్లా తల్లి గుమ్మం వైపు తల తిప్పుతోంది. గుమ్మంలో ఎవరూ లేరు. ఎండ మాత్రం ఉంది.

పాట మీద పాట అయిపోతోంది. పేరు రాలేదు.

కూతురు ఒక జాకెట్టుకి గుండీ కుడుతోంది. కుట్టిందే మళ్ళీ కుడుతోంది.

"ఇక ఆఖరి పాట" అంది రేడియోలో అమ్మాయి. "కోరినవారు రైల్వే క్వార్టర్స్ మిత్రబృందం, ఒక రిటైర్డు మాస్టారు..."

"కట్టెయ్యవే" అంది తల్లి మెల్లగా.

కూతురు లేచి చెయ్యి చాపింది.

"... ఇంకా ఈలరాజు. పక్కన పిచ్చుక అని కూడా రాశారు. ఈ పిచ్చుక ఎవరో మరి!" అని నవ్వింది ఆ అమ్మాయి.

తల్లి ఒక్కసారిగా లేచి నిలబడింది. "పిచ్చుకా! అది నువ్వేనే! నిన్నలా పిలిచింది వాడొక్కడే. చూశావా, ఇన్నాళ్ళకి చెల్లెల్ని కూడా తలుచుకున్నాడు!" కళ్ళు తుడుచుకుని అల్లుడి వైపు తిరిగింది. "బాబూ, రేపు ఎన్నింటికి బయల్దేరాలి?"

"మొదటి బస్సుకే అత్తయ్యా. నేనే కండక్టర్ని. టికెట్టు కొట్టనులే."

"కొట్టు బాబూ. నా కొడుకు పేరు చెప్పి రెండు కొట్టు."

పాట మొదలైంది. కూతురి చెయ్యి ఇంకా రేడియో దగ్గరే గాలిలో ఉండిపోయింది.

"ఏమైంది నీకు?" అన్నాడు భర్త, దగ్గరికొచ్చి. "ఇన్నాళ్ళూ పేరు రావాలని దణ్ణాలు పెట్టావు. వస్తే ఇలా కొయ్యబారిపోయావేంటి?"

ఆమె గుమ్మం వైపు తిరిగింది.

అన్న పేరుతో ఇన్నాళ్ళూ ఆ కార్డులు రాసి పంపుతున్నది ఆమే, జ్వరంతో మంచం దిగలేక ఈ ఒక్క వారమే రాయలేదు.