కాంటా అబద్ధమాడదు

“తొంభై రెండే!” కాంటా మీద నిలబడి బసవయ్య అరిచాడు. “మొదలుపెట్టిన నాడూ గింతే. నెల్లాళ్లు కడుపు మాడ్చుకుంటే పిసరంత తగ్గలే. మోసం కాకపోతే ఏంది రశ్మీ ఇది?”

బేగంబజార్‌లోని వాళ్ల కిరాణా దుకాణంలో పప్పు బస్తాలు తూచే ఇనుప కాంటా అది. కోడలు రశ్మి గల్లా వదిలి లేచి వచ్చింది.

“మోసమెందుకు మామయ్యా? పడుచుతనంల బస్తాలు మోసిండ్రు, తిన్నదంతా ఖర్చయింది. ఇప్పుడు పొద్దంతా గద్దె మీదనే. వయసుతోని ఒంట్ల ఖర్చు తగ్గింది, జమ తగ్గలే. అందుకే డైటీషియన్ మీ ఒంటికెంత కావాల్నో లెక్క కట్టిచ్చింది.”

“తగలెయ్ ఆ లెక్క! రెండు పుల్కాలు, చారెడు పప్పు. మోకాళ్ల నొప్పి తగ్గుతదంటే నోరు కట్టుకున్న. ఆమె దగ్గరికే పోయి లొల్లి చేస్త!”

“చాటుకు ఏమన్న తిన్నరా?”

ఆకలి మీదున్న మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది. బసవయ్యది నెల్లాళ్ల ఆకలి మరి!

“నన్నంటవా? మా తాత నాటి నుంచి ఈ కాంటా మీద ఒక్క మాట పడలే. అబద్ధమాడితే మనిషాడాలె, కాంటా ఆడదు!”

కొడుకు అక్షయ్ గబగబా అడ్డొచ్చాడు. “పోనీయ్ బాపూ, దిగు. పదిహేను దినాల కిందనే రిపేరు చేయించిన. మనుషులెక్కితే మళ్ల ఖరాబైతది.”

రశ్మి ఊరుకోలేదు. మేడ మీది ఇంట్లోంచి తన బరువు మిషన్ తెచ్చి కింద పెట్టింది. బసవయ్య విసురుగా ఎక్కాడు. ఎనభై ఎనిమిది.

“నాలుగు కిలోలు తగ్గిండ్రు మామయ్యా!”

“నీ ఆటబొమ్మ చెప్తే నేను మురవాల్నా? నా కాంటాకే వంక పెడతవా?” బసవయ్య ఒంటికాలి మీద లేచాడు. “ఆ సీలు బస్తా తేండ్రి. కంపెనీ తూకం, ఇరవై అయిదు కిలోలు. ఏది దొంగదో అందరి ముందర తేలుస్త!”

“వద్దు బాపూ...” అన్న అక్షయ్ మాట ఎవరికీ వినబడలేదు. సరుకులకొచ్చిన గిరాకీలంతా చుట్టూ మూగారు. బస్తాను రశ్మి మిషన్ మీద పెడితే ఇరవై అయిదు చూపింది. తాతల నాటి కాంటా మీద పెడితే ముల్లు ఇరవై ఆరు దాటింది.

బసవయ్య ముల్లును వేలితో తట్టి చూశాడు. కొడుకు వైపు తిరిగాడు.

అక్షయ్ తండ్రి చెవి దగ్గరికి వంగాడు.

“గిరాకీల కోసం మార్పించిన బాపూ, నువ్వెక్కుతవనుకోలే.”