అవ్వ ఒకటంటే గోకుల్ ఒకటి

"నాకు అరవం రాదని చెప్పు ఆ పిల్లకి," అంది నాచ్చియారవ్వ, మెత్తటి కుర్చీలో సర్దుకుంటూ.

మనవడు గోకుల్ తెల్లబోయాడు. డెబ్బై ఆరేళ్ళుగా కోయంబత్తూరు నేల మీద బతుకుతూ, ఆకుకూరల బండివాడి నుంచి తాసిల్దారు దాకా అందరితోనూ తమిళంలోనే దెబ్బలాడిన మనిషి!

"నీకు అరవం రాకపోవడమేంది అవ్వా?"

"వచ్చు. ఈ దినం రాదు. నేను మన మాటలోనే మాట్లాడతా. దానికి ఏమని చెప్పుకుంటావో నువ్వే చెప్పుకో."

ఎదురుగా సత్య చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నగా నవ్వుతూ కూర్చుంది. తుడియలూరులో పంపుల వర్క్‌షాపు నడిపే తమిళాయన కూతురు. గోకుల్‌తో పాటే ఆఫీసులో పని. పెళ్ళికి వాళ్ళింట్లో అందరూ సరేనన్నారు. సూలూరులో గోకుల్ నాన్న సంజీవి మాత్రం, "అమ్మ ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు. కాదంటే ఈ మాట మళ్ళీ ఎత్తొద్దు," అని తేల్చేశాడు.

అవ్వ సత్యను చూడటం ఇదే మొదలు. అందుకే గోకుల్ ఈ హోటలు ఎంచుకున్నాడు. సినిమా వాళ్ళు కోయంబత్తూరు వస్తే తినేది ఇక్కడే. నెల ముందు చెప్పి పెట్టుకుంటే గానీ టేబుల్ దొరకదు. ఆ ఆర్భాటం చూసైనా అవ్వ మెత్తబడకపోతుందా అని అతని ఆశ.

సర్వరు మూడు పెద్ద పళ్ళేలు తెచ్చి పెట్టాడు. ఒక్కో పళ్ళెం నడుమ ఒక్కో బుల్లి గ్లాసు.

"ఆర్గానిక్ హార్స్‌గ్రామ్ షాట్, మేడమ్."

అవ్వ వాసన చూసింది. "ఒరే, ఇది ఉలవలు కదరా! మన ఎద్దులకి పెట్టేది. తట్ట చూస్తే బండి చక్రమంత, లోపల ఉండేది కోడిగుడ్డంత." ఓరకంట సత్యను చూసింది. "నీ పిల్ల చూడు, ఎట్ల కండ్లు మూసుకోని తాగతా ఉండాదో. మన ఎద్దు కూడా ఇంత భక్తిగా తాగదు."

"పాట్టి ఏమంటున్నారు?" సత్య అవ్వ వైపు చూస్తూ తమిళంలో అడిగింది.

"నువ్వు చాలా పద్ధతిగా తింటావంట," అన్నాడు గోకుల్, తమిళంలోనే.

అవ్వ కళ్ళజోడు పైనుంచి చూసింది. "నేను అట్ల అంటినా?"

"కొంచెం అట్లనే అంటివి అవ్వా."

"నరం లేని నాలుకరా నీది."

సత్యకు పొలమారింది. గ్లాసెడు నీళ్ళు గడగడా తాగింది. పాపం, మిరియాల ఘాటు తగిలిందనుకున్నాడు గోకుల్.

ఇంతలో హోటలంతా ఒక్కసారిగా కలకలం రేగింది. తింటున్నవాళ్ళు చెంచాలు వదిలి ఫోన్లు పైకెత్తారు. నల్లద్దాలు పెట్టుకున్న ఒకాయన నలుగురు మనుషుల నడుమ లోపలికొచ్చాడు.

"ఎవుర్రా వాడు? ఇంటి లోపల నల్లద్దాలేంది? కంటి ఆపరేషన్ చేసుకున్నాడా?"

"అవ్వా, మెల్లగా! పెద్ద హీరో!"

"హీరో అయితే కంట్లో పువ్వు రాదా?"

"ఏమంటున్నారు?" అంది సత్య.

"ఆయన సినిమాలంటే అవ్వకు ప్రాణమంట."

సత్య అవ్వ వైపు తిరిగి, ఎంతో వినయంగా తమిళంలో అడిగింది. "ఏ సినిమా బాగా ఇష్టం పాట్టీ?"

గోకుల్ అవ్వకు కంటితో సైగ చేశాడు. అవ్వ ముఖం రాయిలా ఉంది.

"అన్నీ అని చెప్పు," అంది.

హీరో మేడ మీది గదిలోకి వెళ్ళిపోయాడు. ఫోన్లు దిగాయి. అవ్వ గ్లాసు పక్కన పెట్టింది. గొంతు మారింది.

"తమాషా చాలు కన్నా. మీ అన్నల పెండ్లాలు ముగ్గురూ అరవ పిల్లలే. ముగ్గురూ బంగారాలే, నేను కాదనను. కానీ వాళ్ళ బిడ్డలు నా దగ్గర కూచోరు. నేను ఒక కత మొదలుపెడితే, 'అవ్వ ఏమో చెప్తాది' అని లేచి పోతారు. మా అమ్మ నాకు చెప్పిన కతలు, వాళ్ళమ్మ ఆమెకి చెప్పినవి, అన్నీ ఈ గొంతులోనే నిలబడిపోయి ఉండాయి. నేను పోతే అవీ నాతోనే పోతాయి. ఇంకొక దాన్ని తెచ్చి, ఇంకొక బిడ్డని నాకు దూరం చేస్తావా?"

గోకుల్‌కు ఈ మాటను ఏ అబద్ధంతో తిప్పాలో తెలియలేదు. తల వంచుకుని పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు.

తలెత్తేసరికి సత్య కళ్ళ నిండా నీళ్ళు. ఆమె ఏమీ అడగలేదు. చెయ్యి చాచి, ముడతలు పడిన అవ్వ చేతి మీద వేసింది.

అవ్వ ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మీ నాయనకి ఫోన్ కొట్టు," అంది చివరికి. "ముహూర్తం చూడమను."

"అవ్వా! నిజంగానా?"

"పో, నేను మనసు మార్చుకునే లోపల కొట్టు."

గోకుల్ అద్దాల కిటికీ దగ్గరికి పరిగెత్తాడు. ఫోన్లో నాన్నకు చెబుతుంటే అతని మాటలు తడబడ్డాయి. మాట తెలియకపోయినా మనసు అర్థం చేసుకుంది సత్య. ఆ మనసును అవ్వ కనిపెట్టింది. ఇక తను తిప్పి చెప్పిన అబద్ధాలు సత్యకు తెలియకుండా ఒడ్డున పడ్డాడు! గెలిచిన పుంజులా ఛాతీ విరుచుకుని వెనక్కి నడిచాడు.

వాళ్ళిద్దరూ అతన్ని చూసుకోలేదు. సత్య అవ్వ చెవి దగ్గరికి వంగి, అచ్చం అవ్వ మాటలోనే అడుగుతోంది.

"అవ్వా, నేను పాసైతినా, లేకుంటే రేపు కూడా నువ్వు ఫోన్లో తెలుగు పాఠం చెప్పాల్నా?"